తూకము – ధర్మము

హైదరాబాదు నగరములో మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్, బేగంబజారులకు చేరువగా ఉస్మాన్‌గంజ్ అను పెద్ద అంగడి యున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు దాల్చిన యీ గంజులో పప్పులు, చక్కెర, బెల్లము, నూనె, చింతపండు, పసుపు మున్నగు సరకులు టోకున అమ్ముడగుచుండును. దూరప్రాంతములనుండి లారీలు బస్తాలను తెచ్చి దింపును. పేటలలోని చిల్లర వర్తకులు వచ్చి వానిని కొనిపోవుదురు. నగరములోని యెన్నో వంటయిండ్లకు చేరు పప్పును, చక్కెరయు ఇట్టి గంజులను దాటియే పోవును.

ఇట్టి వీధిలో రెండు విధములైన మనుష్యులు కన్పట్టుదురు. ఒకడు హమాలీ. ప్రొద్దుటినుండి మాపటివరకు బస్తాలను వీపున మోసి లారీల కెక్కించును; దింపును; తోపుడుబండి నెట్టును. మరియొకడు గుమాస్తా. ఆతడు గద్దెమీద కూర్చుండి లెక్కలు వ్రాయును. ఫోనులో ధరలు చెప్పును. చీకటి పడినంతనే బండినెక్కి ఇంటికి పోవును. ఇరువురును ఒకే కొట్టులో చక్కెర వేసిన టీ త్రాగుదురు. ఒకే బండివద్ద మిరపకాయ బజ్జీలు తిందురు. కాని ఆ తిండి ఇరువురి దేహములలోను ఒకే ఫలము నీయదు. భారత వైద్య పరిశోధన మండలియు, జాతీయ పోషకాహార సంస్థయు 2020లో వెలువరించిన లెక్క ప్రకారము, 65 కిలోల బరువుగల పురుషుడు కూర్చుండి పనిచేయువాడైనచో దినమునకు 2,110 కిలోకేలరీల శక్తి చాలును. అతడే బరువు పని చేయువాడైనచో 3,470 కిలోకేలరీలు కావలెను. ఒకనికి బలమిచ్చు తిండి మరియొకనికి బరువగునని దీని భావము.

ప్రజలలో ఊబకాయము పెరుగకుండ ప్రభుత్వమొక చట్టము చేయదలచినచో, ఈ ఇరువురకును న్యాయము చేయగల చట్టమెట్టిది? మనుష్యుని కంచములోనికి ప్రభుత్వము ఎంతవరకు చేయి చాపవచ్చును? ఎచ్చట ఆగవలెను? ఈ ప్రశ్నలు వైద్యులకు మాత్రమే చెందినవి కావు. ధర్మాధర్మములను విచారించు ప్రతి పౌరునకును చెందినవి.

శరీరములో అవసరమునకు మించి క్రొవ్వు చేరి ఆరోగ్యమునకు హాని కలిగించు స్థితిని ఊబకాయ మందురు. పెద్దవారిలో దీనిని గుర్తించుటకు ఒక సులభమైన లెక్క కలదు. ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేయవలెను. వచ్చిన ఫలముతో కిలోలలోని బరువును భాగింపవలెను. 1.6 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవానికి ఈ లెక్క సరిగా 25 వచ్చును. 25గాని అంతకు మించిగాని వచ్చినచో అధిక బరువనియు, 30గాని అంతకు మించిగాని వచ్చినచో ఊబకాయమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ఐనను ఈ లెక్క కండకును క్రొవ్వుకును గల భేదము నెరుగదు. ఎదుగుచున్న పిల్లలకు ఇది నేరుగా వర్తింపదు. వారికి వయస్సునుబట్టి వేరు పట్టికలు కలవు. కావున ఈ సంఖ్యను వైద్యుడు వాడవలసిన సాధనముగా నెంచవలెను గాని, ఒకరి నొకరు కొలుచుకొను కొలబద్దగా నెంచరాదు.

అధికమైన క్రొవ్వువలన మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, కీళ్లనొప్పులు కలుగు అవకాశము హెచ్చును. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి తెలంగాణలో స్త్రీలలో నూటికి సుమారు 30 మందియు, పురుషులలో నూటికి సుమారు 32 మందియు అధిక బరువు కలవారు. అదే సర్వేలో మరియొక సంగతియు తేలినది. ఈ రాష్ట్రముననే స్త్రీలలో నూటికి సుమారు 19 మంది ఉండవలసినంత బరువు లేనివారు. అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి సుమారు 33 మంది వయస్సుకు తగినంత ఎత్తు ఎదుగనివారు. ఒకే వీధిలో, ఒక్కొక్కచో ఒకే కుటుంబములో, లేమియు అధికమును ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకదానికి మందని యెంచి చేసిన చట్టము మరియొకదానిని ముదిరింపరాదు.

ఈ స్థితి ఎట్లు దాపురించినదో తెలియుటకు కొంత చరిత్రను తడవవలెను. హైదరాబాదులోని తార్నాకవద్ద నున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళదేశపు కూనూరులో బెరిబెరి వ్యాధినిగూర్చి విచారించు చిన్న పరిశోధనశాలగా పుట్టినది. రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు దాని స్థాపకుడు. తవుడంతయు పోవునట్లు మరపట్టిన బియ్యమునే నమ్ముకొన్నవారికి బి1 విటమిను లోపించి ఆ వ్యాధి కలుగును. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో ఇప్పటి పేరును పొందినది. నాడు లోపములనుగూర్చి విచారించిన సంస్థయే నేడు అధికమునుగూర్చి హెచ్చరింపవలసి వచ్చినది. దేశములోని మొత్తము వ్యాధిభారములో నూటికి 56.4 వంతులు సరికాని ఆహారమువలననే కలుగుచున్నదని 2024లో ఆ సంస్థ ప్రకటించిన ఆహార సూత్రములలో చెప్పబడినది.

ఆకలిని తీర్చుట ప్రభుత్వమునకు ప్రథమ ధర్మము. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయలకు పేదల కందించుట కారంభించినది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చినది. 2023 జనవరినుండి ఆ చట్టము క్రింద నున్నవారికి ధాన్యము ఉచితముగా లభించుచున్నది. 2025లో తెలంగాణ ప్రభుత్వము తలకు ఆరు కిలోల చొప్పున సన్నబియ్యము నిచ్చు పథకము నారంభించినది. ఇవి యన్నియు ఆకలికి తగిన విరుగుడులే. అయినను బియ్యము చేతికందినంత సులభముగా పప్పును, కూరయు, పండును పేదవాని చేతికందలేదు. కంచములో అన్నము పెద్ద రాశియై, తక్కినవి చిన్న చుక్కలైనవి. తినుదానిలో ధాన్యమునుండి వచ్చు శక్తి నూటికి 45 వంతులు మించరాదని 2024 నాటి సూత్రములు చెప్పుచున్నవి. కావున ఒకని దేహము లావెక్కినచో తప్పంతయు వాని నాలుకదే అనుట న్యాయముకాదు. ఏది చౌకగా దొరకునో, ఏ పని చేయుచున్నాడో, నడచుటకు బాటయు ఆడుకొనుటకు బయలును ఉన్నవో లేవో, ఎట్టి శరీరతత్త్వముతో పుట్టినాడో, అవి యన్నియు ఆ బరువులో కలిసియే యున్నవి.

ఇక ప్రభుత్వపు అధికారమునుగూర్చి విచారింతము. జాన్ స్టూవర్ట్ మిల్ అను ఆంగ్ల తత్త్వవేత్త 1859లో ప్రకటించిన స్వాతంత్ర్యమును గూర్చిన గ్రంథములో, ఇతరులకు హాని కలుగకుండ ఆపుటకే తప్ప, ఒకని మేలుకొరకని వానినే బలవంతపెట్టుటకు సంఘమునకు హక్కు లేదని వాదించెను. వయస్సు వచ్చినవారికే ఈ నియమము చెల్లునని, బాలురకు చెల్లదని కూడ ఆతడు చెప్పెను. ఈ మార్గము ననుసరించువారు, తిండి ఎవరి యిష్టము వారిదనియు, ప్రభుత్వము అమ్మవలె కంచమువద్ద కూర్చుండరాదనియు అందురు. ఎదుటి పక్షమువారు, వ్యాధి వచ్చినపుడు ప్రజాధనముతో నడచు ఆసుపత్రులే భారము మోయుచున్నవి గదా యనియు, వ్యాపారులు వేల రూపముల ప్రకటనలతో నోరూరించుచుండగా కొనువాని యిష్టము నిజముగా వాని యిష్టమేనా యనియు అడుగుదురు. రెండు వాదములలోను సత్యమున్నది. ఆ సత్యములను కలుపు దారిని ఉస్మాన్‌గంజులోని కాటాయే చూపగలదు.

పూర్వము సేరు, మణుగు అను తూనికలు ప్రాంతమునకొక విధముగ నుండెడివి. కొనువాడు మోసపోవుట సులభముగ నుండెను. 1956లో తూనికలు, కొలతల ప్రమాణములనుగూర్చి చట్టము వచ్చినది. 1958నుండి క్రమముగా కిలోగ్రాముల పద్ధతి అమలైనది. నేడును వర్తకుని కాటాను తూనికలు, కొలతల శాఖవారు పరీక్షించి ముద్ర వేయుదురు. దీనిని స్వేచ్ఛకు భంగమని యెవరును అనరు. ఏలయన, ఆ ముద్ర కొనువానిని ఇది కొనుమనదు, అది మానుమనదు. తాను కొన్నదేదో తనకు నిజముగా తెలియునట్లు మాత్రమే చేయును. 1954 నాటి ఆహార కల్తీ నివారణ చట్టమును, దాని స్థానమున వచ్చిన 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టమును ఇట్టివే. అమ్మువానిపై నిబంధన, కొనువానికి రక్షణ.

ఊబకాయమును నివారించు విధానములలో ఈ ధర్మమునకు దగ్గరగా నుండునవి కొన్ని కలవు. వానిలో మొదటిది సత్యమును తెలుపుట. తీపి వేసిన శీతల పానీయమున 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర యుండును. పెద్దవారికి దినమునకు 25 గ్రాములు మించకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. అనగా 250 మిల్లీలీటర్ల సీసాతోనే ఆ దినపు వంతు ముగియును. ఈ సంగతి సీసా వెనుక చిన్న అక్షరములలో నున్నచో ఎవరు చదువుదురు? చిలీ దేశము 2016నుండి చక్కెర, ఉప్పు, క్రొవ్వు అధికముగా గల పొట్లముల ముందువైపున నల్లని ఎనిమిది మూలల ముద్ర వేయించుచున్నది. భారతదేశములో 2022లో నక్షత్రపు గుర్తులతో ఒక ముసాయిదా వెలువడినది. ముందువైపు గుర్తుల విషయమును త్వరగా తేల్చవలెనని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2025 మే నెలలో కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన పాఠశాలలలో చక్కెర కొలతలను తెలుపు పలకల నుంచుమని చెప్పినది. అదే యేట జూలైలో, సమోసా, జిలేబీలపై హెచ్చరిక ముద్రలు పడునని వదంతి పుట్టగా, వీధి వర్తకుల తినుబండారములపై అట్టి ముద్రలను తాము విధింపలేదని కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటింపవలసి వచ్చినది. తెలుపుట వేరు, నిందించుట వేరు అను సంగతిని ప్రజలు ఎంత సూక్ష్మముగా పట్టుకొందురో దీనివలన తెలియుచున్నది.

రెండవది సరకును శుద్ధిచేయుట. నూనెకు హైడ్రోజన్ వాయువును పాక్షికముగా పట్టించి గట్టిపరచినపుడు ట్రాన్స్ క్రొవ్వు పుట్టును. ఇది ఊబకాయముకంటె గుండెకే ఎక్కువ హాని చేయును. నూనెలలోను, వనస్పతిలోను ఇది నూటికి 3 వంతులు మించరాదని 2021లోను, 2 వంతులు మించరాదని 2022లోను మన దేశమున నిబంధన చేసిరి. మిఠాయి తినువాని మిఠాయి పోలేదు. దానిలోని విషము తగ్గినది. ఇట్టి నిబంధన ఎవరిని అవమానింపదు.

మూడవది పన్ను. ఇచ్చట జాగ్రత్త హెచ్చుగా కావలెను. తినుదానిపై పన్ను బీదవానికే బరువని ఈ దేశమునకు బాగుగా తెలియును. ఆ కారణముననే 1930లో గాంధీమహాత్ముడు ఉప్పుపన్నును ధిక్కరించి దండికి నడచెను. డెన్మార్కు దేశము 2011 అక్టోబరులో గట్టిక్రొవ్వుగల వెన్న, మాంసము మున్నగువానిపై పన్ను వేసి, ప్రజలు సరిహద్దు దాటి పొరుగు దేశములలో కొనుటచేతను, వ్యాపారులకు లెక్కల భారము పెరుగుటచేతను, 2013 ఆరంభమున దానిని రద్దు చేసినది. మన దేశములో కేరళ ప్రభుత్వము 2016లో పేరుగల భోజనశాలల పిజ్జా, బర్గరులపై నూటికి 14.5 వంతుల పన్ను వేసినది. 2017లో వస్తు సేవల పన్ను రాగా అది అందులో కలిసిపోయినది. అది నడచిన కొద్దికాలములోనే, నూనెలో వేగిన ఊరి వంటకమునకు లేని పన్ను పరదేశపు వంటకమునకేల అను ప్రశ్న పుట్టినది.

పన్నులన్నియు విఫలమైనవని అనరాదు. మెక్సికో 2014లో తీపి పానీయములపై లీటరుకు ఒక పెసో పన్ను వేయగా, మొదటి యేట వాని కొనుగోలు నూటికి సుమారు 6 వంతులు తగ్గెనని పరిశోధకులు లెక్కించిరి. బ్రిటన్ 2018 ఏప్రిలునుండి పానీయములలోని చక్కెర పాలునుబట్టి తయారీదారులపై పన్ను విధించినది. చక్కెర తగ్గించినవానికి పన్ను తగ్గును, లేదా పూర్తిగా పోవును. అందుచేత అనేకులు ముందుగనే చక్కెరను తగ్గించిరి. మన దేశములో 2025 సెప్టెంబరు 22నుండి శీతల పానీయములపై నూటికి 40 వంతుల వస్తు సేవల పన్ను కలదు. కాని అది సీసాలోని చక్కెర ఎంతయని అడుగదు. చక్కెర లేనిదానికిని, నిండుగా నున్నదానికిని ఒకే పన్ను. ఖజానా నింపు పన్నునకును, ఆరోగ్యమును చూచు పన్నునకును గల భేదము ఇచ్చటనే యున్నది.

ఉస్మాన్‌గంజులోని బస్తా చక్కెరపై, బస్తా బెల్లముపై అట్టి పన్నే వేసిరనుకొందము. గుమాస్తా గొణుగుకొని కొనును. హమాలీకి మాత్రము ఆ టీలోని చక్కెర, ఆ బెల్లపుముక్క రెండు గంటల మోతకు బలము. వాని కూలిలో తిండికి పోవు వంతు పెద్దది. వ్యాధి ఒకరిదై, జరిమానా మరియొకరిదగును. కావున పన్ను వేయవలసి వచ్చినచో, అవసరమైన సరకుపై గాక అవసరము లేనిదానిపై వేయవలెను. కొనువానికంటె తయారుచేయువాని నడతను మార్చునట్లు వేయవలెను. వచ్చిన ధనమును పప్పు, కూర, పండ్ల ధర దిగుటకును, ఆటస్థలములకును వెచ్చింపవలెను. మేలైన దానిని అందుబాటులో నుంచక, కీడైన దానికి వెల పెంచుట సగము ధర్మమే యగును.

నాలుగవది పిల్లల రక్షణ. అమ్మువాని మాటలోని మాయను గుర్తించు శక్తి బాలురకు పూర్తిగా నుండదు. అందుచేత 2020లో జాతీయ ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ, క్రొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల తినుబండారములను పాఠశాల ఆవరణలోను, ద్వారమునుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదనియు, అచ్చట వానినిగూర్చి ప్రకటనలు చేయరాదనియు నిబంధన చేసినది. ఉద్దేశము మంచిది. కాని అమలు చేయునపుడు బజ్జీల బండివానిని తరిమి, రంగుల పలకలతో పొట్లముల నమ్ము పెద్ద సంస్థను విడిచినచో అది ధర్మము కాదు. బండివానికి వేరు చోటును, శనగలు, పండ్లు అమ్ముకొను వీలును చూపుట కూడ ఆ నిబంధనలో భాగము కావలెను.

కట్టకడపట మనుష్యునే కొలుచు విధానమొకటి కలదు. జపాను 2008నుండి 40 మొదలు 74 ఏండ్ల వయస్సు వారికి ఏటేట ఆరోగ్య పరీక్షలో నడుమును కొలుచు పద్ధతి పెట్టినది. పురుషునకు 85, స్త్రీకి 90 సెంటీమీటర్లు హద్దు. హద్దు దాటినవానికి జరిమానా లేదు, సలహా యిత్తురు. ఫలితము చూపని బీమా సంఘములపై మాత్రము భారము పడును. ఇది మృదువైన పద్ధతియే. అయినను యజమాని చేతిలో పనివాని నడుముకొలత పడుట క్షేమమా అని యోచింపవలసియున్నది. కొలిచినది వైద్యుని గదిలో నున్నంతవరకు అది వైద్యము. బయటికి వచ్చినచో అది నింద. నిందవలన క్రొవ్వు కరుగదు. సిగ్గుపడినవాడు ఆటస్థలమునకు రాడు; వైద్యుని యొద్దకు పోడు; ఒంటరిగా కూర్చుండి మరింత తినును.

వీనినన్నిటిని విచారించినచో ఒక నియమము తేలుచున్నది. ప్రభుత్వపు కాటా బస్తాను తూచవలెను, సీసాను తూచవలెను, ప్రకటనలోని మాటను తూచవలెను; మనుష్యుని విలువను తూచరాదు. ఏ విధానమైనను నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగియుండవలెను. అది నిజముగా ఫలించునా? దాని భారము ఎవరిపై పడును? మంచి దారిని తెరచిన పిమ్మటనే చెడ్డ దారిని మూయుచున్నదా? ఎవరి నైనను అవమానించుచున్నదా?

ఈ ధర్మము చట్టసభలలో మాత్రమే నడుచునది కాదు. తరగతిలో లావుగా నున్న బాలునికి పేరు పెట్టి పిలుచుటయు, సన్నగా నున్నవానిని వెక్కిరించుటయు ఒకే పాపము. వానికి ఆటలో చోటిచ్చుట, ఇంటికి తెచ్చు పొట్లము వెనుకనున్న అక్షరములను చదువుట, పాఠశాలకు ఆటస్థలము కావలెనని పెద్దల నడుగుట, ఇవి చట్టము రాకముందే చేయదగిన పనులు. సాటివాని దేహమును గౌరవించుట నేర్చిన బాలుడే రేపు న్యాయమైన చట్టమును చేయగల పౌరుడగును.

కఠినపదములు

టోకున – హెచ్చు మొత్తములో
గద్దె – వర్తకుడు కూర్చుండు పరుపు
లేమి – లేకపోవుట
ముసాయిదా – చట్టమునకు ముందు వ్రాసిన చిత్తుప్రతి
వదంతి – పుకారు
కట్టకడపట – చిట్టచివర

ప్రశ్నలు

1. హమాలీకిని గుమాస్తాకును ఒకే తిండి ఒకే ఫలము నీయకపోవుటకు కారణమేమి?
2. కాటాపై ముద్ర వేయుటను స్వేచ్ఛకు భంగమని యెవరును అనకపోవుట కేమి కారణము?
3. డెన్మార్కు, బ్రిటన్ దేశముల పన్నులకు గల భేదమును వివరింపుము.
4. "వ్యాధి ఒకరిదై, జరిమానా మరియొకరిదగును." సందర్భమును తెలిపి వివరింపుము.
5. నీ పాఠశాలకు చేరువలో అమ్ముడగు తినుబండారములను గమనించి, 50 మీటర్ల నిబంధనను న్యాయముగా అమలుపరచుటకు ఏమి చేయవచ్చునో పది పంక్తులలో వ్రాయుము.